నేలలో మిగిలిన ఎరువు ఎవరిది? కౌలు రైతు హక్కులపై ఒక అభిప్రాయం

వరిలో జింకు లోపానికి వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చేసే సిఫారసు రైతులకు, విస్తరణ సిబ్బందికి సుపరిచితమే. మూడు పంటలకు ఒకసారి, ఆఖరి దమ్ములో, ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. శాస్త్రీయంగా ఇందులో లోపమేమీ లేదు. ఒకసారి వేసిన జింకు నేలలో నిలిచి తర్వాతి పంటలకు కూడా అందుతుంది కాబట్టి ఖర్చు కలిసివస్తుంది. అయితే ఈ వాక్యాన్ని కౌలు రైతు చదివినప్పుడు అతనికి తోచే ప్రశ్న శాస్త్రానికి సంబంధించినది కాదు. మూడవ పంట నాటికి ఆ పొలంలో ఎవరుంటారు? అతనే ఉంటాడన్న భరోసా లేనప్పుడు, 20 కిలోల సంచి కొని రెండు వంతుల ఫలితాన్ని మరొకరికి వదిలి వెళ్లడం ఏ లెక్కన సబబు?

పశువుల ఎరువు, పచ్చిరొట్ట, చెరువు పూడిక మట్టి, చౌడు నేలకు జిప్సం, తుంగ గరికల నిర్మూలన, గట్లు బలపరచడం, చేను చదును చేయించడం వంటివన్నీ ఇదే కోవకు చెందుతాయి. సస్యశాస్త్రం నేలకు మేలు చేసేవిగా చెప్పే పనులలో అధిక భాగం ఒకటి కంటే ఎక్కువ సంవత్సరాలలో ఫలితమిచ్చేవే. సిఫారసు పత్రాలు మాత్రం చదివేవాడు పొలానికి శాశ్వత యజమాని అనే ఊహతోనే తయారవుతున్నాయి. ఆ ఊహ ఎంతమందికి వర్తిస్తుందన్నది ఒకసారి చూడాలి. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో కౌలు కమతాల వాటా అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఆ వాటా 42 శాతానికి పైగా ఉన్నది. దేశ సగటు 17 శాతం మాత్రమే. నోటిమాట మీద సాగే కౌళ్లు సర్వేలకు పూర్తిగా చిక్కవు కాబట్టి, కృష్ణా గోదావరి డెల్టాలలో అసలు పరిస్థితి ఇంతకంటే ఎక్కువే ఉంటుందని గ్రామాలు తెలిసినవారు అంగీకరిస్తారు.

కౌలు అన్నది ఒకే రకమైన ఏర్పాటు కాదు. పంట పండినా పండకున్నా ఇంత అని ముందే నిర్ణయించే మక్తా కౌలు ఒకటి. పండినదానిలో పాలు పంచుకొనే పద్ధతి మరొకటి. మిరప, పత్తి ప్రాంతాలలో దుక్కి మొదలు కాకముందే నగదు చెల్లించాలి. డెల్టాలో సార్వా ధాన్యం కౌలుకు పోగా దాళ్వా అపరాలు కౌలుదారుకు మిగలడం ఆనవాయితీ. పాలు పద్ధతిలో నష్టాన్ని ఇద్దరూ పంచుకుంటారు. మక్తాలో నష్టం మొత్తం సాగుచేసేవాని మీదనే పడుతుంది. ఒక ఉదాహరణ వేసుకోవచ్చు. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండుతాయనీ, కౌలు 18 బస్తాలనీ అనుకుంటే, కౌలుదారుకు మిగిలేది 12 బస్తాలు, అనగా 9 క్వింటాళ్లు. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కినా చేతికి వచ్చేది 21,321 రూపాయలు. విత్తనం, నాట్లు, ఎరువులు, పురుగుమందులు, కోత యంత్రం, బయటి అప్పు మీద వడ్డీ అన్నీ అందులో నుండే తీయాలి. తుఫానుకు సగం పంట పోయి 15 బస్తాలే పండితే, పండిన మొత్తం కౌలుకే చాలదు. డెల్టాలో కౌలు తగాదాలలో చాలావరకు ఈ మూడు బస్తాల లోటు దగ్గరనే ప్రారంభమవుతాయి.

తగాదాలు అనగానే పొలం నుండి వెళ్లగొట్టడం ఒక్కటే గుర్తుకు వస్తుంది. నిజానికి తగాదాలు అనేక రూపాలలో ఉంటాయి, వాటిలో పంటల స్వభావానికీ కౌలు గడువుకూ పొంతన లేకపోవడం వలన పుట్టేవి కొన్ని. చెరకునే తీసుకోవాలి. మొక్క తోటకు విత్తనపు ముచ్చెలు, చాళ్లు, నాటు కూలి పేరిట పెట్టిన పెట్టుబడి తిరిగి వచ్చేది కార్శి తోటలో. పదకొండు నెలల ఒప్పందంతో మొక్క తోట వేసినవాడు నరికి తోలేసరికి గడువు తీరిపోతుంది. మోళ్లు నేలలో ఉంటాయి. ఆ మోళ్ల మీద వచ్చే పంట ఎవరిది? ఒప్పందంలో దీని ప్రస్తావన ఉండదు, ఉన్నా యజమాని మాటే చెల్లుతుంది. మాగాణి మినుము విషయంలో చిక్కు ఇంకో రకమైనది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడి ఉన్న చేలో మినుము చల్లాలి. అప్పుడే పదును దొరుకుతుంది. రెండవ పంటకు యజమాని వేరొకరిని మాట్లాడుకుంటే, ఒకరి వరి నిలిచి ఉండగానే మరొకరు అందులో దిగి విత్తనం చల్లవలసి వస్తుంది. కోత యంత్రం చక్రాల కింద మినుము మొలక నలిగిందని ఒకరు, పదును కోసం తన కోతను తొందరపెట్టారని మరొకరు గొడవపడతారు. ఇటువంటివి కోర్టుల దాకా వెళ్లవు. రచ్చబండ దగ్గరనే, ఎక్కువగా బలహీనుడు తగ్గడంతోనే, ముగుస్తాయి.

అన్నింటికంటే చేదైనది బాగుపడిన పొలం తగాదా. కారు చౌడు పట్టిన చెక్కను ఒక కౌలుదారు తక్కువ కౌలుకు తీసుకొని, జిప్సం వేసి, నీరు కట్టి లవణాలను కడిగి, జీలుగ పెంచి కలియదున్ని, రెండు మూడేళ్లలో సాధారణ దిగుబడికి తెస్తాడు. పొలం పచ్చబడిన సంవత్సరమే కౌలు పెరుగుతుంది. అంత ఇవ్వలేనంటే పొలం చేతులు మారుతుంది. పెంచిన కౌలు అతని శ్రమ ఫలితానికి అతనిపైనే విధించిన పన్ను వంటిది. ఇది ఒకసారి చూసిన గ్రామంలో రెండవ కౌలుదారు ఆ పని చేయడు. చౌడు చౌడుగానే ఉంటుంది. ఈ నష్టం కౌలుదారుదే కాదు, యజమానిది కూడా. నేల పరీక్షా ఫలితాలు ఎన్ని పంచినా నేల ఆరోగ్యం ఎందుకు మెరుగుపడటం లేదని సమీక్షా సమావేశాలలో అడిగేవారు ఈ కోణాన్ని ప్రస్తావించడం అరుదు.

చట్టం ఏమి చేసింది? చేయలేదని అనడానికి వీలు లేదు. హైదరాబాదు రాజ్యంలో 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది, 1970వ దశకంలో వారిలో అనేకులకు యాజమాన్య హక్కును కూడా సంక్రమింపజేసింది. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టం కౌలుకు గరిష్ఠ పరిమితి విధించింది. నిర్దేశిత కారణాలు లేనిదే కౌలుదారును తొలగించరాదన్నది. 1974 సవరణతో కౌలు కనీస కాలం ఆరు సంవత్సరాలని నిర్ణయించింది. ఆరు సంవత్సరాలు! సస్యశాస్త్రవేత్తకు ఇంతకంటే ఏమి కావాలి? ఆ గడువులో పచ్చిరొట్ట, పంటమార్పిడి, చౌడు బాగుచేత అన్నీ ఇమిడిపోతాయి. కానీ ఆ రక్షణ వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నవారికే అందింది. యజమానులు వ్రాయడమే మానుకున్నారు. చట్టం బలపడిన కొద్దీ కాగితం మాయమైంది, కౌలు మాటల్లోకి దిగిపోయింది.

2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం ఈ అనుభవం నుండి ఒక పాఠం తీసుకున్నది. భూమి హక్కు జోలికి పోకుండా, సాగుచేసేవానికి రుణ అర్హత కార్డు ఇచ్చి, బ్యాంకు అప్పుకు, పంటల బీమాకు, నష్ట పరిహారానికి దారి చూపింది. యజమాని వ్రాతపూర్వక సమ్మతిని ముందు షరతుగా పెట్టలేదు. గ్రామంలో విచారణ జరిపి, జాబితా ప్రకటించి, అభ్యంతరాలు వినే పద్ధతిని అనుసరించింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పేరులోనే మార్పు కనిపిస్తుంది. హక్కు పంట మీద మాత్రమే, గడువు పదకొండు నెలలు, యజమాని సంతకం తప్పనిసరి. తెలంగాణలో 2011 చట్టం రద్దు కాలేదు గాని అమలు అడుగంటింది. 2018లో ప్రారంభమైన రైతుబంధు పట్టాదారులకే పరిమితమైంది. రైతుబీమా కూడా అంతే. కేంద్రం ఇచ్చే కిసాన్ సమ్మాన్ నిధి, సంవత్సరానికి 6,000 రూపాయలు, భూమి ఉన్న కుటుంబాలకే చెందుతుంది. కౌలు రైతును పేరు పెట్టి చేర్చుకున్న పథకాలు లేకపోలేదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కౌలుదారులకు, పాలికాపులకు అర్హత కల్పించింది. అక్కడ కూడా అడిగేది రుజువే.

అన్ని దారులూ ఆ ఒక్క సంతకం దగ్గర కలుస్తున్నాయి. యజమాని ఎందుకు సంతకం చేయడు? కౌలుదారుకు కాగితం ఇస్తే భూమి పోతుందన్న భయం అనేది సాధారణంగా వినిపించే సమాధానం. 1950, 1974 చట్టాల జ్ఞాపకం ఇంకా చెదరలేదు కాబట్టి ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. నేటి యజమానులందరూ పెద్ద భూస్వాములు కారు. భర్త పోయిన ఇల్లాలు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ తల్లిదండ్రుల రెండెకరాలను అమ్ముకోలేక ఉంచుకున్నవారు వారిలో ఉన్నారు. అయినా న్యాయశాస్త్రం ప్రకారం ఈ భయానికి ఆధారం బహు స్వల్పం. పన్నెండేళ్ల అనుభవంతో భూమి దక్కుతుందనే నియమం యజమాని అనుమతి లేకుండా, అతని హక్కును ధిక్కరించి ఆక్రమించినవానికి సంబంధించినది. అనుమతితో ప్రవేశించిన కౌలుదారుకు అది వర్తించదు. కౌలు కొనసాగినంత కాలం యజమాని హక్కును కాదనడానికి కౌలుదారుకు వీలు లేదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. ఆ విధంగా చూస్తే కౌలు కాగితం యజమానికే రక్షణ. ఆ కాగితం చూపి, ‘ఇతడు నా అనుమతితో సాగుచేసినవాడు’ అని అతడు నిరూపించుకోగలడు. కాగితం లేని కౌలే అనుమానాలకు తావిస్తుంది.

భయం వెనుక ఇంకొక కారణమున్నది. దానిని బహిరంగంగా చెప్పేవారు తక్కువ. అదే పొలం మీద, అదే పంట పేరిట యజమాని పంట రుణం తీసుకొని ఉంటాడు. ఒకే పంటకు రెండు రుణాలు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. కౌలుదారు పేరు వ్రాతలోకి వస్తే తక్కువ వడ్డీ రుణం, రాయితీలు, పంట నష్ట పరిహారం యజమాని చేతి నుండి జారిపోతాయి. వరద వచ్చిన సంవత్సరం మునిగిన చేలో నిలబడి కన్నీరు పెట్టినది ఒకరు, ఖాతాలో సొమ్ము పడినది మరొకరికి. ఆత్మహత్యకు పాల్పడిన కౌలు రైతు కుటుంబం పరిహారానికి వెళ్లినప్పుడు కూడా మొదటి ప్రశ్న కౌలు రుజువు గురించే ఎదురవుతుంది. ఆ స్థితిలో ఉన్న స్త్రీని భూయజమాని ఇంటికి వెళ్లి సంతకం అడిగి తెమ్మనడం కంటే నిర్దయ మరొకటి ఉండదు.

కావున సాగు నమోదును యజమాని సమ్మతి నుండి విడదీయడం మొదటి అవసరం. ఇది అసాధ్యమేమీ కాదు. పశ్చిమ బెంగాల్‌లో 1978లో ప్రారంభమైన ఆపరేషన్ బర్గాలో రెవెన్యూ సిబ్బంది గ్రామాలకే వెళ్లి, సాయంకాలం సమావేశాలలో పాలికాపులను ప్రశ్నించి, పొలం మీద విచారించి సుమారు 14 లక్షల మందిని నమోదు చేశారు. దాని ఫలితంగా ఆ రాష్ట్ర వ్యవసాయ ఉత్పాదకత పెరిగిందని అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీశ్ ఘటక్ 2002లో ప్రచురించిన పరిశోధన చూపించింది. భూమి మీద యాజమాన్యం మారలేదు. భరోసా మాత్రమే మారింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఇప్పటికే పొలం పొలానికి జరుగుతున్నది, అందులో సాగుదారు పేరు వ్రాసే వీలున్నది. గ్రామ వ్యవసాయ సహాయకునికి ఏ చెక్కను ఎవరు దున్నుతున్నారో తెలియదని ఎవరూ అనరు. తెలిసినదానిని తెలిసినట్టు వ్రాయడానికి మూడవ వ్యక్తి సంతకం ఎందుకు? యజమానికి అభ్యంతరం చెప్పే గడువు ఇస్తే చాలు. అతని రుణాన్ని భూమి తనఖాతో ఇచ్చే పెట్టుబడి రుణంగా మార్చి, పంట రుణాన్ని పంట వేసినవానికి వదిలితే పేచీలో సగం తొలగిపోతుంది.

నమోదు పూర్తయిన తర్వాత కూడా మొదటి ప్రశ్న అలాగే నిలుస్తుంది. గడువు తీరి పొలం వదిలే కౌలుదారుకు నేలలో మిగిలిన ఎరువు విలువ ఎవరివ్వాలి? ఇక్కడ చట్టం కంటే వ్యవసాయ శాస్త్రమే ఎక్కువ చేయగలదు. దీనికి నూటనలభై ఏళ్ల నాటి దృష్టాంతం ఒకటి ఉన్నది.

ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దపు సాగు చాలావరకు కౌలుదారుల చేతిలోనే ఉండేది. సున్నం వేసి, ఎముకల పొడి చల్లి, కొన్న దాణాతో పశువులను మేపి పొలానికి బలం చేకూర్చిన కౌలుదారు వెళ్లిపోయేటప్పుడు, ఇంకా ఖర్చు కాని ఆ బలానికి పరిహారం ఇవ్వాలనే సూత్రాన్ని 1875 నాటి వ్యవసాయ కమతాల చట్టం మొదటిసారి గుర్తించింది. అందులో ఒక లొసుగు ఉన్నది. ఇరుపక్షాలు ఒప్పందంతో ఆ చట్టాన్ని పక్కన పెట్టవచ్చు. యజమానులు సరిగ్గా అదే చేశారు. 1883లో మరొక చట్టం ఆ లొసుగును మూసి, పరిహారాన్ని తప్పనిసరి చేసింది. (ఒప్పందంతో వదులుకోగలిగిన హక్కు బలహీనునికి హక్కు కాజాలదన్న సంగతి అక్కడివారికి ఎనిమిదేళ్లలో తెలిసివచ్చింది.) అయితే ఎంత పరిహారం? యజమాని ఒక అంకె చెబితే, కౌలుదారు మరొకటి చెప్పేవాడు. మధ్యవర్తుల దగ్గర ప్రాంతానికొక ఆచారం తప్ప కొలబద్ద లేదు. అప్పుడు రోథామ్‌స్టెడ్ పరిశోధనా క్షేత్రంలో 1843 నుండి దీర్ఘకాలిక ప్రయోగాలు చేస్తున్న లాస్, గిల్బర్ట్ ముందుకు వచ్చారు. ఏ దాణా మేపితే ఎరువు రూపంలో ఎంత నత్రజని, భాస్వరం, పొటాష్ పొలానికి చేరుతుంది, ఏటేటా అందులో ఎంత తరిగి ఎంత మిగులుతుంది అన్నది లెక్కకట్టి 1885లో పట్టికలు ప్రకటించారు. తర్వాతి సంవత్సరాలలో వాటిని సవరించారు. 1902లో వోల్కర్, హాల్ మళ్లీ తిరగరాశారు. మధ్యవర్తులు ఆ పట్టిక చూసి లెక్క తేల్చేవారు. నేల గురించిన శాస్త్రం ఒక తగాదాను ఇంత నేరుగా తీర్చిన సందర్భాలు ఎక్కువ లేవు.

తెలుగు ప్రాంతాలకు అటువంటి పట్టిక లేదు. తయారు చేయడానికి కావలసిన సమాచారం మాత్రం విశ్వవిద్యాలయాల దగ్గర దశాబ్దాలుగా పోగుపడి ఉన్నది. పశువుల ఎరువును చూడాలి. ఎకరాకు నాలుగు టన్నులు వేస్తే, నత్రజని అర శాతం చొప్పున 20 కిలోలు చేరుతుంది. మొదటి పంటకు అందుబాటులోకి వచ్చేది దానిలో సుమారు 30 శాతం, అనగా 6 కిలోలు. మిగిలిన 14 కిలోలు నేలలోనే ఉంటాయి. కొంత ఆవిరై, కొంత కొట్టుకుపోగా శేషించినది తర్వాతి పంటలకు అందుతుంది. భాస్వరం, పొటాష్ మొదటి పంటకే ఎక్కువ భాగం అందుతాయి కాబట్టి వాటి శేషం తక్కువ. జింకు సల్ఫేటు లెక్క మరింత సులువు. మూడు పంటలకు ఒకసారి వేయమన్న సిఫారసే శేషాన్ని చెబుతున్నది. ఒక పంట తీసి వెళ్లేవానికి మూడింట రెండు వంతుల ఖరీదు, రెండు పంటలు తీసి వెళ్లేవానికి ఒక వంతు.

అన్నీ ఇంత సులువుగా తేలవు. జీలుగ కలియదున్నితే ఎకరాకు 25 నుండి 30 కిలోల నత్రజని వరకు సమకూరుతుంది గాని, దానిలో పెద్ద భాగం వెనువెంటనే నాటిన వరికే పోతుంది. కాబట్టి పచ్చిరొట్ట శేషానికి పెద్ద విలువ కట్టడం నిజాయితీ కాదు. చౌడు బాగుచేతకు విలువ కట్టవలసినది పోషకాల లెక్కతో కాదు, బాగుపడిన నేల ఎన్నేళ్లు నిలుస్తుందన్న అంచనాతో. అది నీటి నాణ్యత, మురుగు పోయే వసతి మీద ఆధారపడి ఉంటుంది. పూడిక మట్టికి తోలకం ఖర్చును ఐదారేళ్లకు సరిసమానంగా పంచడం ఆచరణలో సులభం. వీటన్నింటికీ నేల పరీక్షే రుజువు కావాలని పట్టుబట్టేవారు ఉంటారు. అది పొరపాటు. సేంద్రియ కర్బనం పదకొండు నెలల్లో కొలతకు అందేంత మారదు. నమూనా తీసిన చోటు మారినా, కాలం మారినా అంకె అటూ ఇటూ అవుతుంది. ఫలితాన్ని కొలవడం కంటే చేసిన పనిని నమోదు చేయడం మేలు. ఎన్ని బండ్ల ఎరువు తోలారు, ఏ తేదీన జీలుగ దున్నారు, ఎన్ని సంచుల జిప్సం వేశారు అన్నది పొలం ఫొటోతో, కొనుగోలు రశీదుతో ఈ-పంటలోనే వ్రాసుకునే వెసులుబాటు ఇవ్వవచ్చు. మొదట, చివర తీసిన నేల పరీక్షా పత్రాలు దానికి తోడుగా ఉంటే చాలు.

ఈ పట్టిక కౌలుదారు పక్షమే వహిస్తుందని యజమానులు అనుకోనవసరం లేదు. గడ్డి మొత్తం తరలించి, సేంద్రియ పదార్థం గోరంత కూడా తిరిగి ఇవ్వనివానికి, పై మట్టిని ఇటుక బట్టీలకు తోలుకోనిచ్చినవానికి, తుంగ పెరగనిచ్చి వెళ్లేవానికి అదే పట్టికలో తరుగు కట్టవచ్చు. ఇంగ్లండు పద్ధతిలో కూడా రెండు వైపులా లెక్క ఉండేది. కౌలు గడువు ఎక్కువ కాలం ఉంటే ఈ లెక్కల అవసరమే తగ్గుతుందన్న మాట నిజం. నీతి ఆయోగ్ 2016లో టి. హక్ కమిటీ ద్వారా రూపొందించిన నమూనా కౌలు చట్టం కూడా యజమాని హక్కుకు భంగం లేకుండా దీర్ఘకాలిక ఒప్పందాలకు వీలు కల్పించాలనే ఉద్దేశంతోనే వచ్చింది. అటువంటి చట్టం కోసం ఎదురుచూస్తూ, పదకొండు నెలల వాస్తవాన్ని విస్మరించి సిఫారసులు వ్రాస్తూ పోవడం మాత్రం తగదు. ప్రతి సంవత్సరం వెలువడే వ్యవసాయ పంచాంగంలో ఒకే పంట కాలానికి చేతిలో పొలం ఉన్న రైతు ఏది చేస్తే గిట్టుతుందో, ఏది చేస్తే యజమాని కూడా ఖర్చు పంచుకోవాలో తెలిపే నాలుగు పేజీలు చేర్చడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. రైతు క్షేత్రాలలో ప్రయోగాలకు పట్టాదారులనే ఎంచుకునే అలవాటు కూడా మారాలి.

పట్టిక వచ్చేదాకా కౌలు రైతు చేతిలో ఏమున్నది? స్టాంపు కాగితం కాకపోయినా, ఇద్దరు సాక్షుల ఎదుట సాదా కాగితం మీద వ్రాసుకున్న ఒప్పందం నోటిమాట కంటే మేలు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, కౌలు ఎంత, ఏ తేదీకి, ధాన్యమా నగదా అన్నవి అందరూ వ్రాస్తారు. వదిలేసేవి వేరే ఉన్నాయి. విపత్తు వస్తే కౌలు ఎంత తగ్గాలి, నీటి తీరువా, మోటారు మరమ్మతు ఎవరివి, గడ్డి ఎవరిది, మధ్యలో పొలం అమ్మితే నిలిచి ఉన్న పంట మాట ఏమిటి, గడువు క్యాలెండరు తేదీతో ముగియాలా లేక చివరి కోతతోనా అన్నవి ముందే వ్రాసుకోవాలి. మిరప కోతలు మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి కాబట్టి ఈ చివరి మాట ఆ పంటకు ప్రాణం వంటిది. కౌలు చెల్లించిన ప్రతిసారీ రశీదు తీసుకోవాలి. ఇవ్వనంటే నగదుకు బదులు బ్యాంకు ఖాతా ద్వారా లేదా ఫోన్‌లో చెల్లించాలి. ఆ చెల్లింపు వివరమే రశీదు అవుతుంది. ఎరువులు, విత్తనాల బిల్లులు తన పేరిట, సర్వే నంబరుతో వ్రాయించుకోవాలి. ఈ-పంట జాబితా గ్రామంలో ప్రదర్శించినప్పుడు తన పేరు ఉన్నదో లేదో చూసుకొని, లేకపోతే వ్రాతపూర్వకంగా అర్జీ పెట్టి దాని నకలు దాచుకోవాలి. సాగు చేసినది తానేనని నిరూపించవలసి వచ్చినప్పుడు ఈ చిన్న కాగితాలే పెద్ద సాక్ష్యం.

విత్తినవాడు కోసుకోవాలన్న న్యాయం చట్టానికి కొత్త కాదు. గడువు నిశ్చయంగా లేని కౌలు, కౌలుదారు తప్పు లేకుండా ముగిస్తే, అతడు వేసిన పంటను కోసి తీసుకుపోయే హక్కు అతనికే ఉంటుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పింది. ఆ అధ్యాయం వ్యవసాయ కౌళ్లకు నేరుగా వర్తించకపోయినా, అందులోని న్యాయసూత్రాన్ని వాదనకు ఆధారంగా తీసుకోవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని వెనుకంజ వేయనవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఉచిత న్యాయ సహాయం కల్పించింది. ఆ జాబితాలోనే వరద, కరువు బాధితులు కూడా ఉన్నారన్న సంగతి గ్రామాలలో బహు కొద్దిమందికే తెలుసు. తుఫానులో పంట పోయి, కౌలు బకాయి కింద నోటీసు అందుకున్న రైతు ఏ కులంవాడైనా మండల న్యాయ సేవల కమిటీకి గాని, 15100 నంబరుకు గాని తన గోడు చెప్పుకోవచ్చు.

కౌలు మాటలు కుదిరేది ఎక్కువగా ఉగాది తర్వాత, రోహిణి కార్తె లోపల. ఏరువాక సాగిన తర్వాత దుక్కి, విత్తనం ఖర్చు పెట్టినవానికి బేరమాడే బలం ఉండదు. ఈ-పంట నమోదు మాత్రం పైరు నిలిచిన తర్వాత జరుగుతుంది. సాగుదారు కార్డుల పంపిణీ కొన్నిచోట్ల ఇంకా ఆలస్యమై, పంట రుణాల కాలం దాటిన తర్వాత అందుతుంది. రైతు సేవా కేంద్రాలలో చైత్ర, వైశాఖ మాసాలలోనే కౌలు ఒప్పందాల శిబిరాలు పెట్టి, ఖాళీలు నింపితే సరిపోయే తెలుగు నమూనా పత్రాన్ని, దాని వెనుక ఎరువు శేషం పట్టికను ముద్రించి ఇవ్వగలిగితే, మృగశిర నాటికి ఇరువురి చేతిలోనూ ఒక్కొక్క ప్రతి ఉంటుంది.